తలుపు మీద కూర్చున్న కోర్టు

ఖాదర్ మొహిద్దీన్‌కు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో సగం మందికి అతను 'దినాల ఖాదరు'గానే తెలుసు. కోర్టు కాగితాలు పంచే మనిషికీ, చనిపోయినవాళ్ళకు చేసే దినాలకూ ఏం సంబంధమని కొత్తవాళ్ళు అడుగుతారు. సంబంధం ఉంది.

ఈ వైపు బదిలీ మీద వచ్చిన కొత్తలో ఒక రైతుకు సమన్లు ఇవ్వడానికి పల్లెకు పోయాడు. గట్టు తగాదా. పక్కవాడు తన పొలం గట్టును జరిపేశాడని ఆ రైతు ఏళ్ళ తరబడి కోర్టు మెట్లు ఎక్కి దిగాడు. చివరికి, వచ్చి సాక్ష్యం చెప్పమని కోర్టు పిలిచిన కాగితం అది. ఖాదర్ వెళ్ళేసరికి ఇంటి ముందు పందిరి, పందిరి కింద విస్తళ్ళు. శుభకార్యం అనుకుని నవ్వుతూ ఫలానా ఆయన ఎక్కడని అడిగాడు. పెద్ద కొడుకు గోడకు ఆనించిన పటం వైపు చెయ్యి చూపించాడు. పటానికి దండ.

"కూచో సాయిబన్నా, తిని పో. మా నాయన బతికినన్నాళ్ళూ ఈ కాగితం కోసమే ఎదురుసూసినాడు. నువ్వన్నా ఆయన పేరు మీద ఇంత తిను" అన్నాడు.

ఖాదర్ తిన్నాడు. వద్దంటే ఆ ఇంటివాళ్ళకు నొప్పి. కానీ కాగితం వెనకాల రాయాల్సిన నాలుగు ముక్కలు రాయడానికి అతని చెయ్యి కదల్లేదు. 'సదరు వ్యక్తి మరణించినందున తిరుగు దాఖలు చేయడమైనది.' అంతే. ఒక మనిషి పట్టుదలంతా ఆ 'సదరు'లో పోయింది. ఆ విస్తరి సంగతి ఊరూరా పాకి, పేరు స్థిరపడింది.

కాగితాల మీద అతని ఉద్యోగం పేరు ప్రాసెస్ సర్వర్. జనం నోట్లో అమీనా. ఖాకీ సంచీ, రెండు జేబుల చొక్కా, అరిగిపోయిన చెప్పులు. మొదట కర్నూలు జిల్లాలో చేరాడు. తర్వాత అత్తగారి ఊరు దగ్గరని మనవి పెట్టుకుని కడప జిల్లాకు వచ్చాడు. కర్నూలు వైపు పనిచేసిన రోజుల సంగతి కూడా ఒకటి చెప్పాలి. పత్తికొండ దారిలో ఏదో ఒక ఠాణా. ఇద్దరు వ్యాపారుల తగాదాలో టమాటా లారీ ఒకటి ఆ ఠాణా ముందు ఆగిపోయింది. లారీని వెంటనే విడిచిపెట్టమని కోర్టు ఆర్డరు వేసింది. 'వెంటనే' అనే మాట కింద గీత కూడా గీసింది. ఆ గీత గీసిన కాగితం సంతకానికీ, ముద్రకూ, బస్సుకూ ఆగి ఆగి ఖాదర్ సంచీలో ఎక్కి ఠాణా చేరేసరికి, లారీ కింద ఎర్రటి రసం మడుగు కట్టింది. కుక్కలు కూడా వాసన చూసి పక్కకు పోయాయి. రైటరు కాగితం తీసుకుని సంతకం పెట్టి, తాళం చెవి డ్రైవరు చేతిలో పెట్టాడు.

"లారీ ఇచ్చినారు సామీ, మంచిది. ఇప్పుడు నేను మోసకపోవల్సిందేంది? ఊరగాయా?" అన్నాడు డ్రైవరు.

ఎవరికీ నవ్వు రాలేదు. అయినా కాగితం ప్రకారం ఆర్డరు అమలైంది. ఆ కేసు కాగితాల కట్ట మీద అమలైనట్టే రాసి ఉంటుంది, ఎవరైనా తీసి చూస్తే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోవడం కుదరదు. ఈ దేశంలో కొత్త సినిమా పాట విడుదలైన గడియలోనే గొర్రెలు కాసేవాడి జేబులో మోగుతుంది. ఫలానా ఇల్లు కూల్చమని పైనుంచి చెప్పాలంటే ఫోను చాలు. వద్దు, ఆపమని చెప్పాలంటే మాత్రం కాగితం కావాలి. కాగితానికి సంతకం, సంతకానికి ముద్ర, ముద్రకు తాళం, తాళానికి ఒక మనిషి కావాలి. కూల్చే మాట గాలిలో పోతుంది. ఆపే మాట బస్సులో పోతుంది. ఈ తేడాను ఎవరూ చట్టంలో రాయలేదు. రాయకుండానే ఇంత గట్టిగా అమలవుతున్నది ఇదొక్కటే.

గంజికుంట గురమ్మ సంగతి కూడా ఆ తేడాలోనే ఉంది.

గంజికుంట చేనేత ఊరు. నేతవాళ్ళది పొడవాటి ఒకే వీధి, ఇరుపక్కలా మగ్గాల ఇండ్లు. వీధి మొదట్లో ఒక శాసనం రాయి ఉండేది. సీమలో కాలినడకన తిరిగినవాళ్ళకు ఇలాంటి రాళ్ళు కొత్త కాదు. పైన సూర్యుడు, చంద్రుడు, కింద అరిగిపోయిన అక్షరాలు. పాత లిపి కూడబలుక్కుని చదవగలిగినవాళ్ళకు ఆ రాయి మీద ఒక సంగతి తెలిసేది. ఎవరో పాలెగాడు ఈ ఊరి మగ్గాల మీద పన్ను తీసేశాడు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ మగ్గాల జోలికి ఎవరూ రాకూడదు, వస్తే గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారు, అని శాపం కూడా పెట్టాడు. రాయి తెచ్చి, చెక్కి, బండి మీద వేసుకుని, ఎద్దుల చేత లాగించి, ఊరి మొదట్లో పాతించాలి. ఎంత కాలం పట్టిందో మరి. అయినా మగ్గాలు బతికి ఉండగానే వచ్చింది ఆ రాయి. కోర్టు వాళ్ళ కాగితం కంటే రాయి తేలికన్నమాట! గంజికుంట ఆడవాళ్ళకు ఇవేవీ తెలియవు. వాళ్ళు దాని మీద నూలు ఆరబెట్టేవాళ్ళు.

గురమ్మ ఇల్లు ఆ రాయికి ఎదురుగా ఉండేది. ముందు గదిలో గుంత మగ్గం. నేలలో నడుము లోతు గుంత, అందులో కాళ్ళు దించి కూర్చుని నేస్తారు. సీమ ఎండకు నూలు పటపటా తెగిపోతుంది. గుంతలోని చల్లదనమే దారాన్ని కాపాడుతుంది. అందుకే గుంత మగ్గం వాళ్ళకు ఇల్లు మారడం అంటే సామాను మార్చడం కాదు. ఆ గుంత గురమ్మ అత్తగారి అత్తగారు తవ్వించింది. గంజి నీళ్ళు చిలికి చిలికి, కాళ్ళు తగిలి తగిలి, దాని గోడలు నున్నగా రాయిలాగా అయ్యాయి. మొగుడు పోయాక గురమ్మా, కోడలు లక్ష్మీదుర్గా వంతులు వేసుకుని అందులోనే కూర్చునేవాళ్ళు. కొడుకు చీరలు మూట కట్టుకుని ప్రొద్దుటూరు అంగళ్ళకు తిరిగేవాడు.

ఖాదర్‌కు గురమ్మతో పరిచయం గంజి దగ్గర మొదలైంది. కాగితం ఇచ్చేటప్పుడు మనిషి దొరక్కపోతే దాన్ని ఇంటి తలుపుకు అంటించి రావాలి. అది కోర్టు పద్ధతి. అందుకని ఖాదర్ భార్య దౌలత్ బీ ప్రతి ఉదయం మైదాపిండి జిగురు కాచి, చిన్న డబ్బాలో పోసి ఇచ్చేది. ఒక ఎండాకాలం గంజికుంటలో చేనేత సంఘం తలుపుకు నోటీసు అంటించబోతే, జిగురు ఎండి బిళ్ళ కట్టింది. ఎదురింట్లో పడుగు నూలుకు గంజి పెడుతున్న గురమ్మను ఇంత గంజి అడిగాడు. ఆమె ముంత నిండా ఇచ్చి, కొంగు నడుముకు దోపుకుని వెనకాలే వచ్చి చూసింది.

"అంటిస్తే ఏమయితాదన్నా?"

ఖాదర్ ఆ రోజు ఉషారుగా ఉన్నాడు. "కాగితం అంటించినామంటే కోర్టే వచ్చి ఆ తలుపు మీద కూచున్నట్లమ్మా. ఇంగ దాన్ని ఎవురూ ముట్టగూడదు. కలెక్టరయినా సరే."

"అబ్బో! అంత బలమా మా గంజికి?"

"నీ గంజికి కాదు తల్లీ, మా ముద్రకు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఖాదర్ ఆ మాట అక్కడే మరిచిపోయాడు. గురమ్మ మరిచిపోలేదు.

తర్వాత కొన్నేళ్ళకు గంజికుంట వీధిని వెడల్పు చేస్తామన్నారు. గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. కొందరికి అరుగు పోతుంది, కొందరికి వసారా పోతుంది. గురమ్మ ఇంటికి ముందు గది మొత్తం గీత లోపల పడింది, గుంతతో సహా. వెనక మిగిలేది వంటిల్లు. నేత కులానికి వంటిల్లు ఒక్కటే మిగలడం అంటే ఏమిటో గీత గీసినవాడికి తెలియదు. అధికారుల దగ్గరికి పోయి చెప్పుకుంది. పక్క వీధిలో తవ్వుకోమన్నారు. చివరికి తాలూకా కోర్టులో వకీలు హేమావతి దావా వేసింది. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇండ్ల స్థలంలో ఉన్న ఇల్లు, పాత పట్టా ఉంది, కొలతలు తప్పు అని వాదించింది. జడ్జి విని, ఒక శుక్రవారం సాయంత్రం కూల్చకుండా ఆర్డరు వేశాడు.

"గెలిచినాం పెద్దమ్మా. ఇంగ ఎవురూ నీ ఇల్లు ముట్టరు" అంది హేమావతి బయటికి వచ్చి.

"కాగితం యాదమ్మా?"

"వస్తాది. టైపు కావల్ల, సంతకం కావల్ల."

"ఎవురు తెస్తారు?"

హేమావతి చెప్పేలోపలే వరండాలో ఖాదర్ కనిపించాడు. గురమ్మ గబగబా పోయి అతని సంచీ పట్టుకుంది. "ఖాదరన్నా, నువ్వే గదా తెచ్చేది? బిరీన రా. గంజి కాసి పెట్టింటా."

హేమావతి ఊరికే కూర్చోలేదు. ఆ సాయంత్రమే గంజికుంట తహశీల్దారు సోమశేఖర్ దగ్గరికి పోయి, ఫోనులో కోర్టు వాళ్ళ వెబ్‌సైటు తెరిచి, ఆర్డరు పడిన సంగతి చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"ఫోన్లో కనపడేదంతా నిజమయితే నేను రోజూ లాటరీ గెలుస్తాండా మేడం. పొద్దున గూడా నాకు కారొచ్చింది. కాపీ తేండి, తలమీద పెట్టుకుంటా."

మాట తప్పు కాదు. పద్ధతి ప్రకారం సరైనదే. ఈ పద్ధతుల గొప్పతనమే అది. ఎవడూ తప్పు చెయ్యడు, తప్పు జరిగిపోతుంది.

మర్నాడు రెండో శనివారం. టైపు అయిన ఆర్డరు మీద జడ్జి సంతకం ఇంటి దగ్గరే పడింది. ముద్ర మాత్రం బీరువాలో ఉంది. బీరువా తాళం చెవి, కోర్టులో కాగితాలు పంచే విభాగాన్ని చూసే నాజరు రంగనాథ్ మొలతాడుకు ఉంది. రంగనాథ్ కుటుంబంతో మంత్రాలయంలో ఉన్నాడు. ఖాదర్ ఫోను చేశాడు.

"సార్, గంజికుంట ఆర్డరు... అర్జంటు సార్. జేసీబీ మిషను వచ్చేటట్లుండాది."

"స్వామి దర్శనానికి లైన్లో ఉండానప్పా. చెవి నా దగ్గర ఉండాది. సోమవారం పొద్దున్నే ఇస్తా లే. ఆదివారం ఎవురు పని చేస్తారు?"

"మిషన్లు చేస్తాయి సార్."

"ఏందీ? గంటల మోతలో వినపడలా."

ఖాదర్ ఫోను పెట్టేశాడు. రంగనాథ్ చెడ్డవాడు కాదు. సంవత్సరానికి ఒకసారి దేవుడిని చూడాలనుకోవడం నేరం కాదు. ఒక ఊరి గుంతలన్నీ ఒక మనిషి మొలతాడుకు వేలాడదీసిన వాళ్ళది నేరం. వాళ్ళు ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో, ఎవరికీ తెలియదు. ఆ రాత్రి అన్నం దగ్గర ఖాదర్ గొణుక్కుంటుంటే దౌలత్ బీ అడిగింది.

"ఎవర్ని తిడతాండావ్?"

"అదే తెలియకనే కడుపు మండతాండాది. తిట్టేదానికి మనిషి దొరకడం లేదు."

సోమవారం కాగితం చేతికి వచ్చింది. ఖాదర్ టీ కూడా తాగకుండా ఆటో ఎక్కి గంజికుంటలో తహశీల్దారు ఆఫీసు ముందు దిగాడు. బల్ల దగ్గర అటెండరు బసవన్న వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

"సార్ యాడప్పా?"

"ఫీల్డు మీద పొయినాడు."

"అయితే నువ్వు తీసుకో. కోర్టు ఆర్డరు."

"నేను తీసుకుంటే నా మెడకు పడతాది. కోర్టుది సారే తీసుకోవల్ల. కూచో అన్నా, వస్తాడు. శనక్కాయలు తిను."

ఖాదర్ కూర్చున్నాడు. అతను కూర్చోవడానికి కారణం ఉంది. ఒకసారి ఒక పెద్ద అధికారికి పెండ్లి పంక్తిలో సమన్లు ఇచ్చాడు. ఆయన చేతిలో పెరుగన్నం ముద్ద ఉంది. ఆఫీసు చిరునామా ఉండగా పెండ్లిలో ఎలా ఇస్తావని మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. అప్పటినుంచి 'వారి కార్యాలయమందు' అని రాసి ఉంటే కార్యాలయంలోనే ఇచ్చేవాడు. ఈ కాగితం మీదా అదే రాసి ఉంది.

కాసేపటికి దూరంగా ఒక మోత వినబడింది. నేల లోపలినుంచి వచ్చినట్టు, బొంగురుగా. ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఆ మోత ఏందప్పా?"

బసవన్న పొట్టు ఊదుకుంటూ అన్నాడు: "పనులు జరుగుతాండాయి లే అన్నా. అదే ఫీల్డు."

ఖాదర్‌కు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచిన విసురుకు బల్ల మీది శనక్కాయలు కింద చెల్లాచెదురయ్యాయి. సంచీ గుండెకు అదుముకుని, ఆ వయసులో, వీధి వెంబడి పరిగెత్తాడు. 'వారి కార్యాలయమందు' అనే రెండు మాటలు అతన్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి, పక్క వీధిలో పని పూర్తి చేశాయి.

వీధి మొదట్లో రాయి లేదు. తర్వాత తెలిసింది, జేసీబీ మొదటి తోపులోనే సూర్యచంద్రులతో సహా దాన్ని ఎత్తి మట్టిలో పోసింది. గోవధ పాపం ఎవరికి చుట్టుకుందో మరి.

గురమ్మ ఇల్లు కూడా లేదు. ముందు గది పడేసరికి వెనక వంటిల్లూ కూలింది. ఉన్నది మట్టి కుప్ప, విరిగిన దూలాలు, వాటిలో చిక్కుకుని గాలికి ఊగుతున్న పచ్చటి పడుగు. సగం నేసిన చీర అంచు మాత్రం ఇంకా నేసిన గుడ్డ చుట్టే బోదెకు చుట్టుకునే ఉంది. గుంతలో సగం దాకా ఇటుకలు పడ్డాయి. ఆ కుప్ప ముందు, గుంత అంచున, ఒక తలుపు నిలబడి ఉంది. దాని చుట్టూ గోడ లేదు. ఒక పక్క గురమ్మ, ఇంకో పక్క లక్ష్మీదుర్గ, రెండు చేతులా పట్టుకుని దాన్ని నిలబెట్టారు. ఇద్దరి తలలూ దుమ్ముతో బూడిద రంగుకు తిరిగాయి.

మిషను రావడం చూడగానే గురమ్మ చేసిన మొదటి పని, తలుపును కీళ్ళ మీదినుంచి ఎత్తి బయటికి తీసుకురావడం. చీర తీసుకోలేదు. నూలు తీసుకోలేదు. బియ్యం డబ్బా తీసుకోలేదు. కోర్టు కూర్చునేది తలుపు మీద. తలుపు ఉంటే కాగితం అంటిస్తారు, కాగితం అంటిస్తే ఎవరూ ముట్టరు. పక్కింటివాళ్ళు పిచ్చి పట్టిందన్నారు. జేసీబీ డ్రైవరు మాత్రం ఆ తలుపును, దాన్ని పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళను చూసి, ఎందుకో దాని జోలికి పోకుండా చుట్టూ తిరిగి గోడలు తోశాడు.

"వచ్చినావా ఖాదరన్నా!" అంది గురమ్మ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అదే అతన్ని చంపింది. "ఇదో తలుపు, గట్టిగానే ఉండాది. గంజి గూడా ఉండాది. రా, అంటించు. మళ్ళీ ఎవురూ ముట్టగూడదు అని చెప్పు వాళ్ళకు."

లక్ష్మీదుర్గ మాత్రం ఊరుకోలేదు. "ఇప్పుడొచ్చినాడు, దినాల ఖాదరు! విస్తరి వెయ్యనా మామా? మా మగ్గానికి దినాలు ఈ పొద్దే!"

"నోరు ముయ్యే. ఆయప్పేం చేస్తాడు?"

"ఎవురూ ఏమీ చెయ్యరత్తా. చేసేది మిషనొక్కటే."

సోమశేఖర్ ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఖాదర్ ఎగశ్వాసతోనే పోయి కాగితం ఇచ్చాడు. ఆఫీసులో కాదు, వీధిలో. ఈసారి మెమో వస్తే రానీ అనుకున్నాడు. సోమశేఖర్ సంతకం పెట్టి, తీరిగ్గా చదివాడు. చదువుతూ చదువుతూ ముఖం తేటపడింది.

"యథాతథ స్థితి" అన్నాడు. "తదుపరి ఉత్తర్వుల వరకు ఉభయ పక్షాలు యథాతథ స్థితిని పాటించవలెను. మంచిది. కోర్టు మాటే మాట. పాటిద్దాం."

మిషను ఆపమని చెయ్యి ఊపాడు. అది అప్పటికే ఆగి ఉంది.

"సార్, సాయంత్రానికి మోడం కమ్మి వాన పడేటట్లుండాది. గుంత మీద నాలుగు రేకులు వేసుకుంటారు. మళ్ళీ మట్టి తీసుకుంటారు" అన్నాడు ఖాదర్.

"ఎట్ల వేసుకుంటారప్పా? యథాతథం అంటే ఉన్నది ఉన్నట్లు. ఆర్డరు నా చేతికి అందినప్పుడు ఏముండాది? కుప్ప ఉండాది. కుప్ప కుప్పగానే ఉండల్ల. రేకు వేసినా, మట్టి తీసినా కోర్టు ధిక్కారం. ఉభయ పక్షాలు అని రాసింది చూడు. ఉభయ అంటే నేనూ, ఆయమ్మా."

ఖాదర్ ఎన్నో కాగితాలు ఎన్నో ఇండ్లకు మోశాడు. ఏదైనా ఆలస్యమైతే పనికిరాకుండా పోతుందని అనుకునేవాడు. ఇల్లు నిలబెట్టమని రాసిన కాగితం, ఇల్లు పడిపోయాక వస్తే, పడిపోయిన దాన్ని కాపలా కాస్తుందని అతనికి ఆ రోజు తెలిసింది. ఉత్త కాగితమైనా మేలు. ఇది ఎదురు తిరిగి, తను కాపాడాల్సిన మనిషి చేతులే కట్టేసింది.

"ఏమంటాడన్నా?" అని అరిచింది గురమ్మ, తలుపు వదలకుండానే.

ఖాదర్ దగ్గరికి పోయి చెప్పాడు. ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. కుప్ప తియ్యకూడదు, రేకు వెయ్యకూడదు, గుంతలో దిగకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

గురమ్మ కుప్ప వైపు చూసింది. గుంత వైపు చూసింది. పచ్చటి పడుగు వైపు చూసింది. తర్వాత ఆమె ముఖంలో దుమ్ము కింద ఏదో కదిలింది.

"ఉన్నది ఉన్నట్లు అంటే, ఆయప్ప గూడా ఇటుక తియ్యగూడదు గదా?"

"తియ్యగూడదు."

"రోడ్డు గూడా వెయ్యగూడదు గదా, ఈడ?"

"వెయ్యగూడదమ్మా. ఉభయ పక్షాలు."

"అయితే అంటించు."

గంజి ముంత పక్కనే ఉంది. ఖాదర్ కాగితం రెండో ప్రతి తీసి, వేళ్ళతో గంజి పూసి, తలుపు నడిమధ్య అంటించి, అరచేతితో అంచులు రాశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అత్తాకోడళ్ళు తలుపును కదలకుండా పట్టుకున్నారు. అంటించడం అయ్యాక గురమ్మ "దించే" అంది. ఇద్దరూ తలుపును మెల్లగా దించి, కాగితం ఆకాశం వైపు ఉండేటట్టు, గుంత మీద మూతలాగా పెట్టారు.

"ఏమ్మా, అదేం పని? యథాతథం అని చెప్తాంటే!" అని సోమశేఖర్ లేచాడు.

"నేనేం కట్టినా సార్?" అంది గురమ్మ. "చేతులు నొప్పెట్టి తలుపు కింద పెట్టినా. మీ కోర్టు కూచోనుండాది దాని మీద. ధైర్యముంటే నువ్వు ఎత్తు."

అరుగుల మీది జనం మొదటిసారి నవ్వారు. సోమశేఖర్ తలుపు దాకా వచ్చి, ముద్ర వైపు చూసి, ఆగాడు. డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు బీడీ ముట్టించుకోవడంలో మునిగిపోయాడు. కాసేపటికి జీపు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వాన పడింది. తలుపు కింద గుంత సగమే తడిసింది.

ఖాదర్ మర్నాడు కాగితం వెనక రాసిన రిపోర్టు రంగనాథ్‌కు నచ్చలేదు. 'అంటించుటకు ఇల్లు లేదు. మేము రాకమునుపే కూల్చబడినది. తలుపు మాత్రమే ఉన్నది. దానిని వాది, ఆమె కోడలు చేతులతో నిలబెట్టి పట్టుకొనియుండగా అంటించడమైనది.'

"ఇదేందప్పా ఖాదర్, కథ రాసినావు? 'అందజేయడమైనది' అంటే చాలదా?"

"చాలదు సార్."

"జడ్జి గారు చదువుతారప్పా ఇది!"

"చదవనీ అనే రాసినా సార్. ఇన్నేండ్లు మీరు చెప్పినట్లే రాసినా. టమాటాలకూ అదే రాసినా, గట్టు రైతుకూ అదే రాసినా. ఈ తూరి మార్చమంటే నా సంచీ తీసుకోండి, నేను ఇంటికి పోతా."

రంగనాథ్ మొలతాడు తాళం చెవితో బీరువా తీసి ముద్ర వేశాడు. మంత్రాలయం ప్రసాదం పొట్లం ఒకటి కూడా ఇచ్చాడు. ఖాదర్ కళ్ళకు అద్దుకుని జేబులో వేసుకున్నాడు. మనుషుల మీద అతనికి కోపం ఎప్పుడూ నిలవదు. అదే అతని బాధ.

జడ్జి ఆ రిపోర్టును కోర్టులో పైకి చదివాడు. చేతులతో నిలబెట్టి పట్టుకొనియుండగా, అన్న ముక్కను రెండుసార్లు చదివాడని హేమావతి అంటుంది. ప్రభుత్వం తరఫు వకీలు లేచి, ఉత్తర్వు అందేనాటికి కూల్చివేత పూర్తయిందనీ, జవాబు దాఖలు చేయడానికి గడువు కావాలనీ అడిగాడు. గడువు ఇచ్చారు. తర్వాతి తూరి ఆయన రాలేదు. ఆ తర్వాత తూరి జడ్జికి బదిలీ అయింది.

ఇప్పుడు గంజికుంట పోతే వీధంతా నల్లటి రోడ్డు. ఒక్కచోట మాత్రం తారు ఆగిపోయి, బస్సులు హారను కొట్టుకుంటూ పక్కకు ఒంగి పోతాయి. అక్కడ కుప్ప ఉంది, కుప్ప మొదట్లో గుంత ఉంది, గుంత మీద తలుపు ఉంది. గురమ్మ, లక్ష్మీదుర్గ వేరేవాళ్ళ వసారాలో కూలికి నూలు కండెలు చుడుతున్నారు. ఒకప్పుడు సొంత మగ్గం మీద నేసిన చేతులు. వాన వచ్చి కాగితం నానినప్పుడల్లా ఖాదర్ జిరాక్సు తెచ్చి మళ్ళీ అంటిస్తాడు. అలా అంటించమని ఏ రూలూ చెప్పదు. గంజి మాత్రం గురమ్మదే.

మొన్న పోయినప్పుడు ఆమె కండె పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఈ తూరి ఏం తెచ్చినావన్నా?"

"నీకేం లేదమ్మా. తహశీల్దారుకు నోటీసు. కేసు వాయిదా పడింది."

"ఆయప్పకు అందిందా?"

"పొద్దున్నే అందింది."

"వేళకే?"

ఖాదర్ గంజి ముంతలో వేళ్ళు ముంచి, తలుపు మీద వంగాడు. "వాయిదా మాత్రం ఎప్పుడూ వేళకే పోతాదమ్మా."

అతను కొత్త జిరాక్సు అంటించడం అయ్యేదాకా గురమ్మ ఆగి, తలుపు ఒక మూల కొంచెం ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి, గుంత గోడను తడిమి చూసింది. చల్లగానే ఉంది. మళ్ళీ మూసేసింది.